నొప్పి లేదు కదా, ఇంటికెళ్ళాక చూపించుకుందాంలే

(పోయిన శుక్రవారం మన కలయికలో, ఇక్కడ కువైట్‌లో నర్సుగా పనిచేస్తున్న మన సభ్యురాలు రొమ్ము క్యాన్సర్ మీద జనంలో ఉన్న అపోహల గురించి మాట్లాడారు. డ్యూటీ ఉండి, సెలవు దొరక్క రాలేకపోయినవాళ్ళ కోసం ఆ మాటలు రాసి పెడుతున్నాం. కాస్త పొడుగ్గానే ఉంది. తీరిక చూసుకుని చదవండి. చదవడం రానివాళ్ళు మీ గదిలో ఉంటే చదివి వినిపించండి.)



ముందు అన్నదమ్ములకి ఒక మాట. "ఇది ఆడవాళ్ళ సంగతి, మేము బయట టీ తాగొస్తాం" అని లేవబోతున్నవాళ్ళు దయచేసి కూర్చోండి. ఇంటికి రోజూ ఫోన్ చేసేది మీరే. డబ్బు పంపేది మీరే. ఊళ్ళో మీ అమ్మ, మీ ఆవిడ, మీ అక్క ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అన్నది సగం మీ నోటి మాట మీద ఆధారపడి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

నేను ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఆపరేషన్ వార్డులో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడా, ఇక్కడా రొమ్ములో గడ్డతో వచ్చిన ఆడవాళ్ళని చాలామందిని చూశాను. "ఇన్నాళ్ళు ఎందుకు ఆగావమ్మా?" అని అడిగితే ఊరు వేరైనా, మతం వేరైనా, చదువు వేరైనా జవాబు మాత్రం ఒకటే. "నొప్పి లేదు కదా సిస్టరూ."

మనకి అపోహలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటిగా చెప్పుకుందాం. వాటన్నిటిలో ఎక్కువ నష్టం చేస్తున్నది మాత్రం ఇదే. మన కష్టజీవులకి నొప్పే కొలత. నడుము నొప్పి అయితే మాత్ర వేసుకుంటాం, పన్ను నొప్పి అయితే పీకించుకుంటాం, నొప్పి లేకపోతే పనికి పోతాం. మిగతా వాటికి ఆ లెక్క సరిపోతుందేమో, రొమ్ములో గడ్డకి సరిపోదు. క్యాన్సర్ అంటే మన ఒంటిలో కణాలే అదుపు తప్పి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగిపోవడం. చీము పట్టిన గడ్డలాగా అక్కడ వాపు, వేడి, సలుపు ఉండవు. అందుకే మొదట్లో చాలామందికి ఏ నొప్పీ తెలియదు. చేతికి గట్టిగా రాయిలాగా తగులుతుంది, అంతే. నెలసరికి ముందు రెండు వైపులా బరువుగా, లాగినట్టుగా నొప్పి వస్తుంది చూశారా, అది చాలావరకు ఒంట్లో హార్మోన్ల వల్ల వచ్చేది, నెలసరి వచ్చాక తగ్గిపోతుంది. మనవాళ్ళు ఆ నొప్పికి భయపడి నిద్ర మానేస్తారు. నొప్పి లేని గడ్డని మాత్రం ఏడాది మోస్తారు. అలాగని నొప్పి ఉంటే క్యాన్సర్ కాదు అనీ అనుకోకండి. నొప్పి ఉన్నా లేకపోయినా, కొత్తగా గడ్డ తగిలితే చూపించుకోవాల్సిందే.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే ఈ రాత్రి చాలామందికి నిద్ర పట్టదు. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. నీటి తిత్తులు ఉంటాయి, పాలగడ్డలు ఉంటాయి, వయసులో ఉన్న పిల్లలకి వేలితో తోస్తే ఎలుకలాగా అటూ ఇటూ జారే మామూలు గడ్డలు ఉంటాయి. కానీ ఏది ఏదో మన చేతికి తెలియదు, పక్కింటి పెద్దమ్మకీ తెలియదు. పరీక్షే చెప్పాలి.

మనలాంటి వాళ్ళ దగ్గర ఈ "నొప్పి లేదు కదా" అన్న మాటకి తోక ఒకటి ఉంటుంది. "చుట్టీకి ఇంటికెళ్ళాక చూపించుకుందాంలే." ఒకామె సంగతి చెప్తాను. ఊరు, పేరు వద్దు. ఇక్కడ ఒక ఇంట్లో పనిచేసేది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత తగిలింది. రెండేళ్ళ కాంట్రాక్టులో ఇంకా పది నెలలు ఉన్నాయి. కూతురి కాలేజీ ఫీజు కట్టాలి. పది నెలలు ఆగింది. ఇంటికి వెళ్ళింది. అప్పుడు కూతురికి సంబంధాలు చూస్తున్నారు. తల్లికి రొమ్ములో గడ్డ అని తెలిస్తే అవతలివాళ్ళు ఏమంటారో అని అక్కడా నోరు మూసుకుంది. పెళ్ళి చేసి, కొత్త అప్పు నెత్తిన వేసుకుని మళ్ళీ ఫ్లైటెక్కింది. చివరికి చర్మం పగిలి పుండు పడి, బట్టల్లోంచి వాసన వస్తుంటే, ఆ ఇంటి మామాయే పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఆ పుండు మీద పాత చున్నీ గుడ్డలు చుట్టుకుని, మూడంతస్తుల ఇల్లు తుడిచింది ఆమె. నేను కట్టు మార్చేటప్పుడు కూడా "అకామా కొట్టేస్తారా సిస్టర్?" అనే అడిగింది. ఇప్పుడు ఊళ్ళో మందు జరుగుతోంది. శనగగింజంత ఉన్నప్పుడు చేయాల్సిన వైద్యం వేరు, ఇప్పుడు చేస్తున్న వైద్యం వేరు.

ఆమె ఇంకో మాట కూడా అంది. "వచ్చేటప్పుడు మెడికల్ చేశారు కదా, ఫిట్ అని ఇచ్చారు కదా." ఇది గల్ఫ్‌లో ఉన్న మనకే ప్రత్యేకమైన అపోహ, ఇంకెక్కడా ఎవరూ చెప్పరు కాబట్టి గట్టిగా చెప్తున్నా. మనం గమ్కా మెడికల్ అంటామే, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు, అందులో టీబీ ఉందేమో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, రక్తంలో హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌ల వంటివి చూస్తారు. ఆ ఎక్స్‌రే ఊపిరితిత్తుల కోసం తీసేది. రొమ్ములో చిన్న గడ్డ అందులో కనపడదు. రొమ్ముకి తీసే ఎక్స్‌రే వేరు, దాన్ని మామోగ్రామ్ అంటారు, అది ఆ మెడికల్‌లో ఉండదు. ఇక్కడ అకామా కోసం చేసే మెడికల్‌లోనూ ఉండదు. ఫిట్ అన్న ముద్ర వీసా కోసం. రొమ్ము సంగతి దానికి తెలియదు.

తర్వాతది, "మా వంశంలో ఎవరికీ లేదు, నాకెందుకొస్తుంది?" రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో వంశం నుంచి జన్యువు ద్వారా వచ్చింది ఐదు నుంచి పదిమందికే. మిగతా తొంభైమందికీ ఇంట్లో అలాంటి చరిత్రే ఉండకపోవచ్చు. ఆడదై పుట్టడం, వయసు పెరగడం, ఈ రెండు తప్ప ఇంకే ప్రత్యేక కారణం కనపడని వాళ్ళే దాదాపు సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అమ్మ వైపు మాత్రమే లెక్క చూస్తారు అందరూ. మేనత్తకి వచ్చినా, నాయనమ్మకి వచ్చినా లెక్కలోకి వస్తుంది. ఆ జన్యువు తండ్రి దగ్గర్నుంచి కూడా బిడ్డకి రాగలదు. అన్నలూ, మీ అక్కకి ఉంటే మీ కూతురు సంగతి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడాలి. అంతేగానీ, "తల్లికి ఉంటే కూతురికి తప్పదు" అన్నదీ అబద్ధమే. ఆ భయంతో సంబంధాలు చెడగొట్టడం ఇంకా అన్యాయం.

"ముగ్గురు బిడ్డలకి పాలిచ్చాను, నాకు రాదు." పాలివ్వడం మంచిదే. ఎన్ని నెలలు ఎక్కువ ఇస్తే ప్రమాదం అంత కొంచెం కొంచెం తగ్గుతుంది, నిజం. తగ్గుతుంది, పోదు. గొడుగు వేసుకున్నా పాదాలు తడుస్తాయి కదా, అలా అనుకోండి. పాలిచ్చే తల్లికి కూడా రావచ్చు, ఆ సమయంలో ప్రతి గడ్డనీ పాలగడ్డే అనుకుని వదిలేయడం జరుగుతుంటుంది. కాపడం పెట్టినా, బిడ్డ తాగినా రెండు వారాల్లో కరగకపోతే చూపించాలి.

"అమ్మకి అరవై దాటాయి, ఈ వయసులో ఏముంటుంది?" తలకిందుల మాట. వయసుతో పాటు ప్రమాదం పెరుగుతుంది. అలాగని పడుచువాళ్ళకి రాదనీ కాదు. మన దేశంలో నలభైల్లోనే చాలామందికి వస్తోంది, ముప్పైల్లో వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు కత్తి సంగతి. "గడ్డని కదిలిస్తే, కత్తి పెడితే, సూది గుచ్చితే ఒళ్ళంతా పాకుతుంది." ఈ మాట అన్నప్పుడు నేను వాళ్ళని తిట్టను, ఎందుకంటే వాళ్ళు కళ్ళారా చూసిందే చెప్తున్నారు. ఊళ్ళో ఒకామెకి గడ్డ వచ్చింది, రెండేళ్ళు దాచింది, అప్పటికే అది చంకలోకి, ఊపిరితిత్తుల్లోకి పాకింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆపరేషన్ చేశారు, ఆరు నెలలకి చనిపోయింది. చూసినవాళ్ళకి ఏమనిపిస్తుంది? కత్తి పెట్టారు, చనిపోయింది. రెండేళ్ళు దాచిన సంగతి ఊరికి తెలియదు. కత్తి పెట్టిన రోజు మాత్రం ఊరందరికీ తెలుసు. లెక్క తప్పడం అక్కడే మొదలవుతుంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం వల్ల జబ్బు పాకదు. ఆ ముక్క పరీక్ష లేకుండా ఏ డాక్టరూ అది క్యాన్సర్ అని తేల్చి చెప్పలేడు, ఏ మందు పనిచేస్తుందో కూడా చెప్పలేడు. దాన్ని తప్పించుకుంటే కళ్ళకి గంతలు కట్టుకుని వైద్యం చేయించుకున్నట్టే.

కత్తికి భయపడినవాళ్ళు ఎక్కడికి వెళ్తారు? పసరు కట్టేవాళ్ళ దగ్గరికి. ఆకు నూరి కట్టు కడతారు, అది పైన చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది, "చూశావా, విషం బయటికి వస్తోంది" అంటారు. లోపల గడ్డ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. పసుపు, వేపాకు, గోమూత్రం, కరక్కాయ, యూట్యూబ్‌లో చూపించే కషాయాలు, ఏవీ రొమ్ము క్యాన్సర్‌ని నయం చేయవు. ప్రార్థన చేయండి, దువా చేయించుకోండి, ముడుపు కట్టండి, మనసుకి బలం కావాలి కదా. అవి చేస్తూనే ఆసుపత్రికి వెళ్ళండి. ఏ దేవుడూ ఆసుపత్రికి పోవద్దని చెప్పలేదు. మందు మానేస్తేనే మా మందు పనిచేస్తుంది అని ఎవరైనా అంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఆడవాళ్ళు బయటికి చెప్పని భయం ఇంకోటి ఉంది. "వెళ్తే మొత్తం తీసేస్తారు. మొగుడు నన్ను చూస్తాడా?" ఒకప్పుడు అందరికీ మొత్తం తీసేసేవాళ్ళు, నిజమే. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి అని ఇద్దరు డాక్టర్లు, గడ్డ చిన్నగా ఉన్నప్పుడు గడ్డ వరకే తీసి తర్వాత కరెంటు పెడితే ఏమవుతుందో ఏళ్ళ తరబడి పరీక్షించి చూశారు. ఇరవై ఏళ్ళు గమనించిన ఫలితాలు 2002లో వచ్చాయి. మొత్తం తీసేసిన వాళ్ళూ, గడ్డ వరకే తీసి కరెంటు పెట్టించుకున్న వాళ్ళూ సమానంగానే బతికారు. కాబట్టి రొమ్ము పోతుందన్న భయంతో ఆగేవాళ్ళు, ఆగడం వల్లే దాన్ని పోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకుంటారు. కరెంటు అంటే షాక్ కాదు, అదొక కిరణం, పెట్టేటప్పుడు తగిలినట్టే ఉండదు. కీమో ఎక్కిస్తే జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. అందరికీ కీమో అవసరం కూడా ఉండదు. ఇక మొగుడి సంగతి. అన్నలూ, ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గరుంది. ఇవాళ ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇది అంటువ్యాధి కాదు. ఆమె తాగిన గ్లాసులో తాగితే రాదు, పక్కన పడుకుంటే రాదు, ఆమె వండింది తింటే రాదు. ఒకే గదిలో ఆరుగురు ఉండే చోట ఒకామెకి జబ్బని తెలిస్తే ప్లేటు వేరు పెట్టిన సంగతి నాకు తెలుసు, అది చాలా తప్పు. దిష్టి వల్ల రాదు, పాపం వల్ల రాదు. దెబ్బ తగిలితే రాదు, కాకపోతే దెబ్బ తగిలినప్పుడు తడుముకుంటే అంతకుముందే ఉన్న గడ్డ చేతికి దొరుకుతుంది. నల్ల బ్రా వేసుకుంటే రాదు, బిగుతుగా వేసుకుంటే రాదు, సెంటు కొట్టుకుంటే రాదు. జాకెట్లో ఫోన్ పెట్టుకుంటే వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, దానికీ ఆధారం లేదు. చెమటకి ఫోన్ పాడవుతుంది, అది మాత్రం నిజం. ప్రమాదాన్ని కొంత పెంచేవి వేరే ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక ఒళ్ళు బాగా పెరగడం, మందు తాగడం, ఒంటికి కదలిక లేకపోవడం. ఈ మూడోది మీకు లేదులెండి.

ఇందాక అన్నలకి ఇంకో కారణం ఉంది అన్నాను. మగవాళ్ళకీ రొమ్ము కణజాలం కొంచెం ఉంటుంది. అందుకే మగవాళ్ళకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. నవ్వకండి. వందమంది రోగుల్లో ఒకరు, లేదా అంతకన్నా తక్కువ. తక్కువే, కానీ వచ్చినవాళ్ళు సిగ్గుపడి ఆలస్యంగా వస్తారు. రొమ్ము మొన కింద ఒక వైపే గట్టిగా తగిలినా, మొన లోపలికి పోయినా, రక్తం కారినా వెళ్ళి చూపించండి. సైట్‌లో తోటివాళ్ళు ఎగతాళి చేస్తారని ఆగొద్దు.

సరే, ఏం చూసుకోవాలి? నెలకోసారి ఫలానా రోజున, ఫలానా పద్ధతిలో, వేళ్ళు ఇలా తిప్పి చూసుకోవాలి అని పోస్టర్లు ఉంటాయి. ఒక నిజం చెప్తాను. చైనాలో షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే రెండు లక్షల అరవై వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద దీన్ని పరీక్షించారు, వాళ్ళూ మనలాంటి కష్టం చేసుకునేవాళ్ళే. సొంతంగా చూసుకోవడం నేర్పించినంత మాత్రాన చావులు తగ్గలేదు, 2002లో ఆ ఫలితం బయటికి వచ్చింది. కాబట్టి పద్ధతి తప్పానేమో అని కంగారుపడకండి. నేను అడిగేది అంతకన్నా తేలిక. మీ ఒళ్ళు మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిసి ఉండాలి. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో రొమ్ము, చంక తడుముకోండి, అద్దం ఉంటే ఒకసారి చూసుకోండి. గడ్డ, చంకలో గడ్డ, చర్మం గుంట పడడం, నారింజ తొక్కలాగా చుక్కలు చుక్కలుగా మందంగా మారడం, కొత్తగా రొమ్ము మొన లోపలికి లాక్కుపోవడం, దాంట్లోంచి రక్తం లాంటిది కారడం, మొన మీద మానని పుండు, ఎర్రగా వాచి తగ్గకపోవడం, ఒకటి కొత్తగా పెద్దదవడం. వీటిలో ఏది కొత్తగా కనపడినా వారం పది రోజుల్లో చూపించుకోండి. అసలు కష్టం చూసుకోవడంలో లేదు. కనపడ్డాక నోరు విప్పడంలో ఉంది.

నేర్చుకున్న చేయి పరీక్షించడం మాత్రం పనిచేస్తుంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళని తీసుకుని, సగంమందిని ఆరోగ్య కార్యకర్తలతో రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షింపజేశారు. వాళ్ళు డాక్టర్లు కారు, ఆ పనికి శిక్షణ ఇచ్చిన మామూలు ఆడవాళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత లెక్క 2021లో వచ్చింది. యాభై దాటిన ఆడవాళ్ళలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు దాదాపు 30 శాతం తగ్గారు. మిషను లేదు, ఏమీ లేదు, నేర్చుకున్న చేయి, అంతే. మన దేశంలో ముప్పై దాటిన ఆడవాళ్ళకి ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఇక్కడ ఇళ్ళలో పనికి వచ్చిన అక్కలూ, మీ వీసాకి ఎమిగ్రేషన్‌లో ముప్పై నిండాలనే కదా అడిగారు. అంటే మీరందరూ ఆ వయసులో ఉన్నవాళ్ళే. చుట్టీకి వెళ్ళినప్పుడు ఏ బాధా లేకపోయినా ఒకరోజు ఏఎన్‌ఎమ్మనో, ఆశా కార్యకర్తనో అడిగి చూపించుకోండి. ఊళ్ళో ఉన్న మీ ఆవిడకీ, అమ్మకీ ఇదే చెప్పండి.

గడ్డ ఉంటే డాక్టర్ చేసేది మూడు పనులు. చేత్తో చూస్తారు. ఫోటో తీస్తారు, వయసు తక్కువైతే స్కానింగు, నలభై దాటితే మామోగ్రామ్ కూడా. అనుమానం ఉంటే సూదితో ముక్క తీస్తారు. చాలామంది మొదటి రెండింటితోనే నవ్వుకుంటూ ఇంటికి వెళ్తారు.

ఇక్కడ ఎలా వెళ్ళాలి? మీ బతాకా మీద ఉన్న ఏరియా ముస్తౌసఫ్‌కే ముందు వెళ్ళాలి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రాసిస్తారు. స్కానింగుల వంటి వాటికి మనకి ఫీజు ఉంటుంది, ముందే అడగండి. మగ డాక్టర్ అయితే సిగ్గు అనుకునేవాళ్ళు "అబీ దక్తోరా" అనండి, లేడీ డాక్టర్ కావాలని అర్థం, ఈ దేశంలో ఆ మాటని ఎవరూ తప్పు పట్టరు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు బాబాకి చెప్పలేకపోతే మామాకి చెప్పండి, ఆమె కూడా ఆడదే. 2015లో వచ్చిన ఇంటి పనివాళ్ళ చట్టం, 68వ నంబరు, మీకు వైద్యం చేయించాల్సిన బాధ్యత యజమానిదే అంటోంది, వారానికో రోజు సెలవు కూడా ఇవ్వాలంటోంది. చట్టం ఉన్నంత మాత్రాన అన్ని ఇళ్ళూ పాటిస్తున్నాయని నేను అనను, మీకు తెలియనిది కాదు. ఒప్పుకోకపోతే మన గ్రూపులో ఎవరికైనా వాయిస్ పెట్టండి, ఎంబసీ దాకా వెళ్దాం.

ఉద్యోగం పోతుందేమో అన్న భయం సంగతి. నేను అబద్ధం చెప్పను. క్యాన్సర్ అని తేలితే కొందరిని ఇంటికి పంపేస్తారు, అది జరుగుతుంది. కానీ లెక్క వేయండి. ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు, అంటే చూపించుకున్నవాళ్ళలో ఎక్కువమంది సోమవారం మళ్ళీ పనిలో ఉంటారు. నిజంగా అదే అయితే, తొందరగా తెలిస్తే ఆపరేషన్, కరెంటు అయ్యాక చాలామంది ఐదేళ్ళు రోజుకో చిన్న మాత్ర వేసుకుంటూ మామూలుగా పనిచేసుకుంటున్నారు. దాచిపెడితే ఉద్యోగం మిగలదు, పదిమందికి పెట్టే ఆ చేతులూ మిగలవు. బాగా డబ్బున్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన వందమందిలో తొంభైమందికి పైగా ఐదేళ్ళ తర్వాత కూడా బతికి ఉంటే, మన దేశంలో అరవై ఆరుగురే ఉంటున్నారు. జబ్బు అదే. మనం వెళ్ళేది ఆలస్యంగా, మధ్యలో మందు మానేసేది ఎక్కువగా.

డబ్బు లేదని మానేయొద్దు. ఊళ్ళో ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం ఉంది, ఆంధ్రలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలు చేశారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రే, విశాఖలో టాటావాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కడప, రాయచోటి వైపు వాళ్ళకి తిరుపతి దగ్గర. రేషన్ కార్డు, ఆధార్ ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్ళని చూసి పెట్టమనండి. ఇక్కడ పరీక్షలు చేయించుకుని ఇంటికి వెళ్తుంటే ఖాళీ చేతులతో ఫ్లైటెక్కకండి. రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, ముక్క పరీక్ష చేసిన చోట మైనపు బ్లాకు అని ఉంటుంది, అది కూడా అడిగి తీసుకోండి. లేకపోతే అక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు, నెల పోతుంది.

చివర్లో వెనక వరసలోంచి ఒక చెల్లెలు చీటీ మీద రాసి పంపింది. "అక్కా, నాకు గడ్డ తగిలి రెండు నెలలైంది. వచ్చే నెల 20న టికెట్ ఉంది. అక్కడే చూపించుకోవచ్చా?" చెల్లీ, ఇప్పటికే రెండు నెలలు పోయాయి. టికెట్ మారకుండా ఉంటుందని నీకూ నమ్మకం లేదు, నాకూ లేదు, మామాకి పని పడితే అది ముందుకు జరుగుతుంది. ముస్తౌసఫ్‌కి ఈ వారమే వెళ్ళు. వాళ్ళు ఏమీ లేదంటే హాయిగా చుట్టీకి పో. స్కానింగు రాస్తే ఇక్కడే తీయించుకుని, ఆ కాగితం పట్టుకుని వెళ్ళు. మంగళవారం నాకు డ్యూటీ సాయంత్రమే. పొద్దున తొమ్మిదికి మాలియా బస్టాప్ దగ్గర ఉంటాను, నీ పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు, వచ్చి చేయి పట్టుకో, ఇద్దరం కలిసి వెళ్దాం.